కలేజీలో నీళ్ల థైలీ

బక్రీద్ రోజు మా ఇంట్లో నాకొక డ్యూటీ ఉండేది. ఖుర్బానీ అయ్యాక ఖసాయి చాచా పొట్టేలు కడుపు కోసి ఒక్కొక్కటే బయటికి తీసేవాడు. కలేజీ ఒక పళ్లెంలో, గుర్దా ఒక పళ్లెంలో, బోటీ వేరే గిన్నెలో. పనికిరావనుకున్నవన్నీ ఒక పాత బకెట్లో పడేవి. ఆ బకెట్ గల్లీ చివర పారబోసి రావడం నా పని. నాకప్పుడు పదేళ్లు. మాది కర్నూలు.

ఒక ఏడాది కలేజీ చేతిలోకి తీసుకుని చాచా ఆగిపోయాడు. దాని మీద నిమ్మకాయంత తెల్లటి బుడగ ఉంది. కత్తి మొన తగలగానే నీళ్లు చిమ్మాయి. "పానీ కీ థైలీ హై, ఫేంక్ దేవ్" అన్నాడు. నీళ్ల సంచీ, పారెయ్ అని. ఆ భాగం కోసి బకెట్లో వేశాడు. ఊపిరితిత్తుల్లోనూ అలాంటివే రెండున్నాయి. వాటినీ వేశాడు. మిగిలిన కలేజీ అమ్మీకి ఇచ్చాడు.

గల్లీ చివర కుక్కలు నాకోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉన్నాయి. ఆ ముక్కను నేనే చేత్తో విసిరాను. గోధుమరంగు కుక్కొకటి గాల్లోనే అందుకుంది. నాకు భలే ఖుషీ. ఇంటికొచ్చి చెప్తే నానీ కూడా మెచ్చుకుంది. పండుగ పూట మూగజీవాలకు పెట్టడం సవాబే కదా బేటా అంది.

పదిహేనేళ్లు గడిచాయి. నేను చదువు ముగించి పత్రికలో చేరాను. మా ఖాలాకు కుడి డొక్కలో బరువుగా ఉంటోందని ఆస్పత్రికి తీసుకెళ్లాం. స్కానింగ్‌లో కలేజీ మీద పెద్ద నీటి తిత్తి కనిపించింది. డాక్టర్ ఫిల్మ్ చూసి మొట్టమొదట అడిగిన ప్రశ్న: "మీ ఇంట్లో కుక్కలున్నాయా అమ్మా?"

ఖాలాకు కోపం వచ్చింది. "తౌబా తౌబా! మేం ముసల్మానులం డాక్టర్ సాబ్. కుక్క గడప దాటితే ఇల్లంతా కడుక్కుంటాం" అంది.

ఆయన నవ్వలేదు. "మీ ఇంట్లో ఉండక్కర్లేదమ్మా. మీ గల్లీలో ఉంటే చాలు" అన్నాడు. కాగితం మీద జబ్బు పేరు రాశాడు. హైడాటిడ్ సిస్ట్.

ఆపరేషన్ అయింది. ఆ తిత్తి లోపల పగిలితే ప్రాణం మీదికి రావచ్చనీ, అందుకే చాలా జాగ్రత్తగా తీయాల్సి వచ్చిందనీ చెప్పారు. అల్‌హమ్దులిల్లాహ్, ఖాలా కోలుకుంది. కానీ నా కళ్లముందు మాత్రం ఆ నిమ్మకాయంత తెల్లటి బుడగ, గాల్లోకి ఎగిరిన ఆ గోధుమరంగు కుక్క నిలిచిపోయాయి.

ఆ రెండిటికీ ఉన్న రిష్తా ఏమిటో తెలుసుకోవాలని చదవడం మొదలుపెట్టాను. ఆ చదువులో తారసపడినవాడే కాల్విన్ ష్వాబీ. డాక్టరే గానీ మనుషుల డాక్టర్ కాదు. పశువుల డాక్టర్.

ఉర్దూ మీడియంలో చదివిన మాకు పశువుల డాక్టర్‌కు రెండు పేర్లు తెలుసు. ఒకటి సలోత్రీ. ఇంకొకటి బైతార్. సలోత్రీ అన్నది గుర్రాల వైద్యం రాసిన శాలిహోత్రుడి పేరు నుంచి ఉర్దూలోకి వచ్చింది. బైతార్ అరబీ మాట. గుర్రాల వైద్యుణ్ణి గ్రీకులు పిలిచిన మాట నుంచి అది వచ్చిందంటారు. మూలికల మీద మహా గ్రంథం రాసి, 1248లో దమిష్క్‌లో కన్నుమూసిన అందలుస్ హకీమ్ పేరే ఇబ్నుల్ బైతార్. అంటే పశువైద్యుడి కొడుకు. ఆ కాలంలో అది చెప్పుకోవడానికి సిగ్గుపడే పేరు కాదు. మన కాలానికి వచ్చేసరికి పశువుల డాక్టర్ అంటే మనుషుల డాక్టర్ సీటు రానివాడు అని తేలిగ్గా మాట్లాడుకునే స్థితికి వచ్చాం. ష్వాబీ జీవితం చదివితే ఈ చులకన ఎంత జహాలతో అర్థమవుతుంది.

ఆయన 1927లో అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టాడు. మొదట జంతుశాస్త్రం చదివాడు. 1954లో ఆబర్న్‌లో పశువైద్య పట్టా తీసుకున్నాడు. ఆ పట్టాతో పాలడెయిరీకో గుర్రపుశాలకో వెళ్లలేదు. హార్వర్డ్‌కు వెళ్లి ప్రజారోగ్యం చదివి డాక్టరేట్ తీసుకున్నాడు. 1956లో పెట్టే సర్దుకుని లెబనాన్ చేరాడు. బైరూత్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో పదేళ్లు పనిచేశాడు. అక్కడ ఆయన పాఠం చెప్పింది పశువైద్య విద్యార్థులకు కాదు, మనుషుల వైద్యం, ప్రజారోగ్యం చదివేవాళ్లకు. ఒక బైతార్ వచ్చి తబీబులకు ఉస్తాద్ అయ్యాడన్నమాట.

బైరూత్‌లో ఆయన పట్టుకున్న సమస్య మా ఖాలా కలేజీలో ఉన్నదే.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. నీళ్లతో నిండిన కలేజీ గురించి గ్రీకు హకీమ్ బుఖ్రాత్, అంటే హిపోక్రటీస్, తన రోజుల్లోనే రాశాడు. కానీ ఆ నీళ్ల థైలీ ఎక్కణ్ణుంచి వస్తుందో రెండు వేల ఏళ్లకు పైగా ఎవరికీ తెలియలేదు. 1853లో జర్మనీలో ఫాన్ సీబోల్డ్ అనే శాస్త్రవేత్త గొర్రెల్లోని థైలీలను కుక్కలకు తినిపించి చూశాడు. తర్వాత ఆ కుక్కల పేగుల్లో సన్నటి బద్దెపురుగులు కనిపించాయి. పదేళ్లకు, 1863లో, నౌనిన్ అనే మరో జర్మన్ డాక్టర్ మనిషి శరీరంలోంచి తీసిన థైలీని కుక్కకు పెట్టాడు. అవే పురుగులు. చిక్కుముడి విడిపోయింది.

కథ ఇది. కుక్క పేగులో పురుగు ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్లే దాని పొడవు. ఒక్కో కుక్కలో వేలసంఖ్యలో ఉండొచ్చు. కుక్కకు మాత్రం ఏ బాధా ఉండదు, హుషారుగానే తిరుగుతుంది. పురుగు గుడ్లు కుక్క మలంతో నేల మీద పడతాయి. గడ్డితో పాటు అవి గొర్రె కడుపులోకి వెళ్తాయి. అక్కణ్ణుంచి రక్తంలో కలిసి కలేజీలోనో ఊపిరితిత్తుల్లోనో ఆగి, నీళ్ల థైలీగా పెరుగుతాయి. గొర్రెను కోసినప్పుడు ఆ థైలీని కుక్కకు విసిరితే, దానిలోని పిల్లపురుగులు కుక్క పేగులో మళ్లీ పెద్దవవుతాయి. ఆరేడు వారాల్లో గుడ్లు పెట్టడం మొదలవుతుంది. చక్కర్ పూర్తయింది.

మనిషి ఈ చక్కర్‌లో పిలవని మెహమాన్. మట్టిలో ఆడిన చేతుల ద్వారానో, సరిగా కడగని కూరగాయల ద్వారానో, నీళ్ల ద్వారానో గుడ్డు మన లోపలికి పోతుంది. గొర్రెలో జరిగిందే మనలోనూ జరుగుతుంది. థైలీ ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. చిన్నప్పుడు మింగిన గుడ్డు నడివయసులో డొక్కనొప్పిగా బయటపడొచ్చు. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. మాంసం తింటే ఈ జబ్బు రాదు. థైలీ ఉన్న కలేజీ తిన్నా మనిషికి రాదు. ఆ థైలీ కుక్క కడుపులోంచి ఒకసారి తిరిగి వస్తేనే మనిషికి అంటుతుంది. అంటే మనకు హాని చేసేది మనం తిన్న ముక్క కాదు, మనం పారేసిన ముక్క.

ష్వాబీ, ఆయన సహచరుడు అబూ దావూద్ కలిసి లెబనాన్‌లో 1949 నుంచి 1959 దాకా ఈ జబ్బు వచ్చినవాళ్ల వివరాలు పోగుచేశారు. వాళ్ల తహఖీఖ్ 1961లో అచ్చయింది. ఎవరికి ఎక్కువ వస్తోంది, ఎందుకు అన్నదే వాళ్ల ప్రశ్న. లెబనాన్‌లో ముసల్మానులూ ఈసాయీలూ పక్కపక్కనే బతుకుతారు. లెక్క చూస్తే ఈసాయీల్లో ఈ జబ్బు ముసల్మానుల కంటే దాదాపు రెట్టింపు ఉంది. ముసల్మానులు కుక్కను నజీస్‌గా భావించి దూరం పెడతారు కాబట్టి వాళ్లలో తక్కువని అర్థం చేసుకున్నారు.

మొదటిసారి ఇది చదివినప్పుడు నా ఛాతీ ఉబ్బింది. దాచుకోవడం దేనికి? కుక్క మూతిపెట్టిన గిన్నెను ఏడుసార్లు కడగాలని చిన్నప్పుడు మౌల్వీ సాబ్ నేర్పిన పాఠం గుర్తొచ్చింది. దీని మీద ఒక మంచి ఆర్టికల్ రాసి దోస్తులకు పంపాలనిపించింది. అలాంటి ఆర్టికల్స్ మన వాట్సాప్‌లలో రోజూ తిరుగుతూనే ఉంటాయి కదా. 'చూశారా, సైన్స్ ఇప్పుడు కనిపెట్టింది మనకు ఎప్పుడో చెప్పారు' అని.

కానీ అదే తహఖీఖ్‌లో ఇంకొక సంగతి ఉంది. జోళ్లు కుట్టే పనివాళ్లలో ఈ జబ్బు మిగతా వృత్తులవాళ్ల కంటే ఎక్కువ కనిపించింది. కారణం వెతికితే, ఆ రోజుల్లో అక్కడ తోళ్లు మెత్తబడటానికి కుక్క మలం కలిపిన ద్రావణంలో నానబెట్టేవారని తేలింది. ఆ తోలు రోజంతా చేతుల్లో పట్టుకుని పనిచేసేవాడు కుక్కను ఎన్నడూ తాకకపోయినా ఒకటే, ఏ మజ్హబ్ వాడైనా ఒకటే. పురుగు గుడ్డు ఎవరి పేరూ అడగదు. దారి ఎక్కడుంటే అక్కణ్ణుంచి వస్తుంది.

ఇంకాస్త ముందుకు వెళ్తే నా ఫఖర్ పూర్తిగా దిగిపోయింది. ఈ జబ్బు ఎక్కువగా ఉన్న దేశాల పేర్లు చూడండి. మొరాకో, ట్యునీషియా, తుర్కియా, ఇరాక్, ఇరాన్. అన్నీ మనవాళ్ల దేశాలే. అక్కడా చాలామంది కుక్కను నజీస్‌గానే చూస్తారు. అక్కడా గిన్నెలు కడుగుతారు. కానీ గొర్రెలను ఇళ్ల దగ్గర, మైదానాల్లో కోస్తారు. పారేసినది కుక్కలు తింటాయి. ఇల్లు పాక్‌గా ఉంది, గల్లీ మాత్రం కాదు.

ష్వాబీ 1966లో కాలిఫోర్నియాలోని డేవిస్‌కు మారాడు. అక్కడి పశువైద్య కళాశాలలో ఎపిడెమియాలజీకి, అంటే జబ్బు ఎవరికి ఎలా వ్యాపిస్తోందో లెక్కగట్టే శాస్త్రానికి, ప్రత్యేకంగా ఒక విభాగం స్థాపించాడు. పశువైద్య కళాశాలల్లో అలాంటి విభాగం అదే మొదటిది. అక్కడా ఇదే జబ్బు ఎదురొచ్చింది. ఆయనా సహచరులూ 1975లో ప్రచురించిన పరిశోధన కాలిఫోర్నియా గొర్రెలకాపరుల మీద. వీళ్లు యూరప్‌లోని బాస్క్ ప్రాంతం నుంచి వలస వచ్చిన కుటుంబాలవాళ్లు. అంత సంపన్న దేశంలో, అంత చదువున్నచోట కూడా కథ మారలేదు. మంద దగ్గర గొర్రెను కోయడం, దాని లోపలి భాగాలు కాపలా కుక్కలకు వేయడం. లెబనాన్‌లో అరబ్బులు, కాలిఫోర్నియాలో బాస్క్‌లు, కర్నూల్లో మేము. జుబానులు వేరు, మజ్హబ్‌లు వేరు, విసిరే చెయ్యి ఒక్కటే.

ఇలాంటి అనుభవాల నుంచే ఆయన జీవితకాలపు మాట పుట్టింది. మనుషుల వైద్యం, పశువుల వైద్యం రెండు వేరు ఇల్ములు కావు, ఒక్కటే వైద్యం అన్నాడు. ఆయన పుస్తకం 'వెటర్నరీ మెడిసిన్ అండ్ హ్యూమన్ హెల్త్' మొదట 1964లో వచ్చింది, 1984లో మూడో కూర్పు వచ్చింది. ఆ ఆలోచనకు ఆయన పెట్టిన పేరు 'వన్ మెడిసిన్'. అంతకు వందేళ్ల ముందు జర్మనీలో రుడాల్ఫ్ విర్చో కూడా ఈ రెండింటి మధ్య గోడ ఉండకూడదనే అన్నాడు. ష్వాబీ ఆ మాటను పాఠంగా, విభాగంగా, పరిశోధనగా నిలబెట్టాడు. ఇప్పుడు కోవిడ్ తర్వాత ప్రతి ప్రభుత్వమూ 'వన్ హెల్త్' అంటోంది. ఆ మాట వెనక ఆయన మెహనత్ చాలా ఉంది. 2006లో ఆయన చనిపోయాడు.

ఆయన రాసిన మరో పుస్తకం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. 1978లో వచ్చిన ఆ పుస్తకం పశువులు, పూజారులు, వైద్యశాస్త్రం ఎదుగుదల గురించి. పాతకాలపు మిస్ర్‌లో బలిపశువును కోసి లోపలి భాగాలు పరీక్షించినవాళ్ల చేతుల్లోనే శరీర జ్ఞానం మొదలైందని ఆయన వాదన. ఇది చదివాక మా ఖసాయి చాచా వేరేగా కనిపించాడు. ఆయన చదువుకోలేదు. కానీ కలేజీని చేతిలోకి తీసుకుని ఆగింది ఆయనే. 'ఇది బాగాలేదు' అని ముందుగా గుర్తుపట్టింది ఆయన కళ్లే. జబ్బును మొదట చూసేది డాక్టర్ కాదు, ఖసాయి. ఆ చూపుకు తోడు కావాల్సిన ఇల్మ్ ఒక్కటే ఆయనకు అందలేదు. చూసినదాన్ని ఎక్కడ పారేయాలన్నది.

ఇక నన్ను అన్నిటికంటే కుదిపింది మా ఊరి సంగతి. మనదేశంలో ఈ జబ్బు గురించి రాసే వైద్య పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే పేర్లలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అందులోనూ కర్నూలు. 1968లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో కర్నూల్లో హైడాటిడ్ జబ్బు వ్యాప్తి మీద మన డాక్టర్ల వ్యాసం అచ్చయింది. అంటే బైరూత్ పరిశోధన వచ్చిన ఏడేళ్లకే మన ఊరి డాక్టర్లు మన గురించి రాసిపెట్టారు. నేను ఆ ముక్క విసిరింది దానికి ఇరవై ఏళ్ల తర్వాత. ఇల్మ్ మా ఊళ్లోనే ఉంది. మా మొహల్లాకు మాత్రం చేరలేదు.

చేరితే ఏమవుతుందో ఐస్‌లాండ్ కథ చెప్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఈ జబ్బు ఘోరంగా ఉండేది. 1863లో డెన్మార్క్ నుంచి క్రాబే అనే వైద్యుడు వెళ్లి 100 కుక్కలను కోసి చూస్తే 28 కుక్కల్లో ఈ పురుగు కనిపించింది. మరుసటేడు ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించి ఇంటింటికీ పంచారు. థైలీ ఉన్న ముక్కను కుక్కకు వేయొద్దు, కాల్చండి లేదా పూడ్చండి అన్నదే దాని సారాంశం. అక్కడివాళ్లకు చదవడం వచ్చు. చదివారు, పాటించారు. తర్వాత కుక్కల మీద చట్టాలూ వచ్చాయి. 20వ శతాబ్దం ముగిసేలోపే ఆ దేశం నుంచి ఈ జబ్బు వెళ్లిపోయింది. ఇప్పుడున్న మందులూ స్కానింగులూ లేని రోజుల్లో మొదలైన పని అది. మొదటి హథియార్ ఒక చిన్న కితాబు.

దోస్తులారా, ఖుర్బానీ చేసే ప్రతి ఇంటికీ నేను చెప్పదలచుకున్నది ఆ కితాబులో ఉన్నంతే. కలేజీలో, ఊపిరితిత్తుల్లో నీళ్ల థైలీ కనిపిస్తే గల్లీలో పారేయొద్దు, కాలువలో వేయొద్దు, కుక్కలకు అసలే వేయొద్దు. కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చాలి, లేదంటే కాల్చేయాలి. కుక్కలకు పెట్టాలనిపిస్తే అరగంటకు పైగా బాగా ఉడికించిన మంచి ముక్కలు పెట్టండి, సవాబ్ ఎక్కడికీ పోదు. మట్టిలో ఆడొచ్చిన పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. పచ్చిగా తినే ఆకుకూరలు, కొత్తిమీర, పుదీనా పారే నీళ్లలో కడగండి. ఇంట్లో గానీ మంద దగ్గర గానీ కుక్కను పెంచేవాళ్లు పశువుల డాక్టర్ దగ్గర పురుగుల మందు వేయించండి. ప్రాజిక్వాంటెల్ అనే మందు ఈ పురుగును చంపుతుంది. డొక్కలో బరువు, తగ్గని నొప్పి ఉంటే మంత్రాలూ తావీజ్‌లూ అనకుండా ఒకసారి స్కానింగ్ తీయించండి.

కుక్కల మీద కోపం పెంచుకోవద్దు. పురుగును అది కోరి తెచ్చుకోలేదు, మనమే తినిపించాం. ఖసాయీల మీదా నెపం వేయొద్దు. చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు, అంతే. తహారత్ సగం ఈమాన్ అని మనం పిల్లలకు నేర్పుతాం. ఆ తహారత్ మన చేతుల దగ్గర, మన గిన్నెల దగ్గర, మన గడప దగ్గర ఆగిపోతోంది. గల్లీ చివరిదాకా వెళ్లడం లేదు. ష్వాబీ బైరూత్ లెక్కలు నాకు నేర్పిన సబఖ్ అదే.

ఖాలా జబ్బుకు నేను విసిరిన ముక్కే కారణమని ఎవరూ చెప్పలేరు. కాదని కూడా ఎవరూ చెప్పలేరు. ఈ మాట ఆమెకు నేను ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివి ఆమె మనవరాలు చెప్తుందేమో.

పోయిన బక్రీద్‌కు తెల్లవారుజామునే పెరట్లో గుంట తవ్వాను. మోకాలు దాటే లోతు. మా అబ్బాయి పక్కన నిలబడి చూస్తున్నాడు. వాడికీ పదేళ్లే. ఖసాయి చాచా ఇప్పుడు లేడు, ఆయన కొడుకు వచ్చాడు. ఊపిరితిత్తులు తీసి చూసి, వేలితో నొక్కి, "భాయ్, ఇందులో థైలీ ఉంది" అన్నాడు. బకెట్ మా అబ్బాయికి ఇచ్చాను. వాడు గేటు వైపు రెండడుగులు వేసి, గుర్తొచ్చి, పెరటి వైపు తిరిగాడు.